పొద్దున టిక్కుటిక్కు, ఘాటులో మళ్లీ టిక్కుటిక్కు

కడప జిల్లా నుంచి ఒక పాఠకుడు, పేరు వేయొద్దంటూ నాలుగు పేజీల ఉత్తరం రాశారు. క్లుప్తంగా సంగతి ఇది. ఆయనకు ఒక డీజిల్ పికప్ ఉంది. నాలుగు సిలిండర్లు, టర్బో, కామన్ రైల్ ఇంజను (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టంలోంచి ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందే రకం). రెండేళ్ల కిందట సొంత మేనమామ కొడుకు దగ్గర కొన్నారు. అప్పటికి 1,10,000 కిలోమీటర్లు తిరిగిన బండి, ఇప్పుడు 1,60,000 దాటింది. వారానికి రెండు ట్రిప్పులు చీనీకాయలు (బత్తాయిలు) వేసుకుని రాయచోటి, మదనపల్లె మీదుగా బెంగళూరుకు బాడుగకు తోలుతారు. మూడు వారాలుగా ఇంజనులో ఒక శబ్దం పట్టుకుంది. "పొద్దున స్టార్టు చేస్తానే టిక్కుటిక్కుమంటాది సార్. పది, పదైదు నిమిషాలకు తగ్గిపోతాది. బాగైందిలే అనుకుంటే గువ్వలచెరువు ఘాటులో లోడు మీద మళ్లా అందుకుంటాది. ఎక్సలేటర్ ఇడిస్తే ఉండదు" అని ఆయన మాట. ఘాటు అంటే కొండ ఎక్కే దారి. బండి ఆగి ఉన్నప్పుడు క్యాబిన్‌లోకి పొగ వాసన కూడా వస్తోందట. ఆయిల్ లెవెల్ సరిగానే ఉంది. స్టార్టు కాగానే ఆయిల్ లైటు ఆరిపోతోంది. మైలేజీ పెద్దగా తగ్గలేదు.

ముగ్గురిని అడిగితే మూడు మాటలొచ్చాయి. ఒక షెడ్డులో రాడ్ బేరింగు (పిస్టన్ రాడ్డు క్రాంకు మీద తిరిగే చోటి బేరింగు) పోయింది, హాఫ్ ఇంజను చేయాలి, అంటే ఇంజను దించి లోపలి అరిగిన భాగాలు మార్చాలి, 80,000 అవుతుందన్నారు. ఇంకొకరు "ట్యాపెట్ శబ్దమే, ఏం కాదు తోలుకో" అన్నారు (ట్యాపెట్ అంటే వాల్వును తెరిచే భాగం). మూడో ఆయన మందం ఆయిల్ పోయమన్నారు. ఇంట్లో గొడవ వేరే. బండి అమ్మిన బావ ఆయన భార్యకు స్వయానా అన్న. "చెడిపోయిన బండి అంటగట్టినాడు" అని ఈయన తల్లి, "మా అన్న అట్లాంటోడు కాదు" అని భార్య. నెలనెలా కిస్తీ కట్టాలి, చీనీ కోతలు జోరుగా ఉన్నాయి. ఇంజను దించాలా, సీజను అయ్యేదాకా తోలొచ్చా, బావను నిలదీయాలా అన్నవి ఆయన ప్రశ్నలు. ఉత్తరం చివర్లో ఒక్క వాక్యం ఉంది: నెలన్నర కిందట స్టార్టింగ్ సరిగా లేక ఇంజెక్టర్లు (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మేవి) విప్పించి, వాటిని బాగుచేసే పంపు షాపులో సర్వీసు చేయించారట.

సమాధానం:

మీరు చివర్లో రాసి వదిలేసిన ఆ ఒక్క వాక్యంతోనే మొదలుపెడదాం. మీ మిగతా నాలుగు పేజీల కంటే అదే ఎక్కువ చెబుతోంది. ఇంజెక్టర్లు విప్పి బిగించింది నెలన్నర కిందట, శబ్దం మొదలైంది మూడు వారాల కిందట. అంటే విప్పిన మూడు వారాలకే. మీ ముగ్గురు సలహాదారుల్లో ఎవరికైనా ఈ సంగతి చెప్పారా? ఉత్తరం చూస్తే చెప్పినట్టు లేదు.

శబ్దం ఎంత గట్టిగా ఉందన్నదాని కన్నా ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు పోతోంది అన్నది ముఖ్యం. మీది చల్లగా ఉన్నప్పుడు వస్తుంది, వేడెక్కితే తగ్గుతుంది, లోడు పడితే తిరిగి వస్తుంది, కాలు తీస్తే పోతుంది. దానికి తోడు పొగ వాసన. ఇవన్నీ కలిసి చూపించేది ఒకటే: సిలిండరులో మండిన గ్యాసు ఎక్కడో సన్నటి సందులోంచి బయటికి కొడుతోంది. ఇనుము ఇనుముకు తగిలితే వచ్చే శబ్దం అనిపిస్తుంది గానీ, ఒత్తిడితో గ్యాసు తన్నుకొచ్చినా అచ్చం అలాగే టిక్కుమంటుంది. చల్లగా ఉన్నప్పుడు సందు తెరిచి ఉంటుంది. వేడికి లోహం సాగి సందు మూసుకుంటుంది. ఘాటులో లోడు మీద సిలిండరు ఒత్తిడి పెరిగితే మూసుకున్న సందులోంచి కూడా తోసుకొస్తుంది. అలాంటి సందుకు మీ బండిలో రెండు చోట్ల అవకాశం ఉంది. ఒకటి ఇంజెక్టరు కింద ఉండే రాగి వాషరు. రెండోది ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ (సిలిండర్ల పొగను సైలెన్సర్ వైపు చేర్చే గొట్టాల ముక్క) ప్యాకింగు, లేదా దాన్ని పట్టి ఉంచే స్టడ్డు విరిగి ఉండడం. ఇంజెక్టర్లు విప్పిన చరిత్ర ఉంది కాబట్టి మొదటి దాని మీదే ఎక్కువ అనుమానం. కానీ ఉత్తరం చదివి తీర్పు చెప్పే పని కాదిది, చూసి తేల్చుకోవాలి.

రాడ్ బేరింగు అన్న మెకానిక్ మాటను కొట్టిపారేయక్కర్లేదు. లోడు మీద శబ్దం అనగానే బేరింగు గుర్తుకు రావడం సహజమే. అయితే బేరింగు నడిచేది తలకిందులుగా. చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ చిక్కగా ఉండి అరిగిన సందును నింపుతుంది, శబ్దం తక్కువగా ఉంటుంది. వేడెక్కి ఆయిల్ పలచబడేకొద్దీ పెరుగుతుంది. పైగా అది టిక్కు కాదు, ఇంజను అడుగు భాగం నుంచి బరువుగా సుత్తితో కొట్టినట్టు టక్కుటక్కుమంటుంది. మీది సన్నటి శబ్దం, వేడికి తగ్గేది. ట్యాపెట్ మాటకొస్తే, క్లియరెన్సు ఎక్కువైన ట్యాపెట్ ఘాటు ఎక్కినా, దిగినా ఒకే తీరున కొట్టుకుంటుంది, ఇంజను స్పీడుతో పెరుగుతుంది తప్ప లోడుతో కాదు. పొగ వాసనకు దానితో సంబంధమే లేదు. మీ ఇంజనులో హైడ్రాలిక్ ట్యాపెట్లయితే (ఆయిల్ ఒత్తిడితో సందు వాటంతటవే సరిచేసుకునేవి) పొద్దున స్టార్టు చేసిన కొన్ని క్షణాలు కొట్టుకుని ఆయిల్ అందగానే ఆగిపోతాయి, పదైదు నిమిషాలు పట్టదు. ఇక పిస్టన్ అరిగి బోరుకు తగిలే శబ్దం చల్లగా ఉన్నప్పుడు వచ్చి వేడికి పోతుంది, ఆ మేరకు మీ లక్షణాలకు సరిపోతుంది. కానీ అది మొద్దు శబ్దం, వేడెక్కిన ఇంజను మీద ఘాటులో మళ్లీ లేచి రాదు.

మందం ఆయిల్ మాత్రం పోయకండి. మీ తరహా డీజిల్ ఇంజన్లకు సాధారణంగా 15డబ్ల్యూ-40 వాడతారు, మీ మాన్యువల్‌లో ఏముందో అదే పోయాలి. 20డబ్ల్యూ-50 పోస్తే బేరింగు శబ్దమైతే కొద్దిగా అణుగుతుంది, అంటే రోగం దాగుతుంది. మీది గ్యాసు లీకు అయితే రవ్వంత తేడా కూడా రాదు. పొద్దున చల్లటి ఇంజనులో చిక్కటి ఆయిల్ టర్బో దాకా చేరడానికి మాత్రం ఆలస్యమవుతుంది. 80,000 మిగిలిందనుకుంటే టర్బో పోవచ్చు.

ఇప్పుడు పరీక్ష. దీనికి షెడ్డు అక్కర్లేదు, ఒక పొద్దుటి పూట మీ ఇంటి ముందే చేయొచ్చు. రాత్రంతా ఆగిన బండే కావాలి, వేడి ఇంజను మీద ఇది చేయకూడదు. లుంగీతో, భుజాన తువ్వాలుతో బానెట్ దగ్గరికి పోవద్దు. ఫ్యాను, బెల్టు ఎవరినీ చూడవు. ఇంజను మీది ప్లాస్టిక్ మూత తీసి టార్చి వేసి నాలుగు ఇంజెక్టర్ల మొదళ్లూ చూడండి. ఒకదాని చుట్టూ తారులాగా నల్లగా, గోటితో గీకినా రాని గట్టి బొగ్గు పేరుకుని ఉంటే సగం పని అయిపోయినట్టే. చాలామంది దాన్ని ఆయిల్ కారిందనుకుంటారు. ఆయిల్ మెత్తగా ఉంటుంది, ఇది రాయిలాగా ఉంటుంది. తర్వాత మ్యానిఫోల్డ్ హెడ్డుకు (సిలిండర్ల మీది మూత భాగానికి) కలిసే గీత వెంట చూడండి. అక్కడ లీకైతే పొడి మసి విసనకర్రలాగా పరుచుకుని ఉంటుంది. స్టడ్డులన్నీ ఉన్నాయా, ఏదైనా నట్టు మాయమైందా లెక్కపెట్టండి. టర్బో అడ్డం వచ్చి కనబడని చోట చిన్న అద్దం పెట్టి చూడొచ్చు.

నల్లటిది ఉన్నా లేకున్నా సబ్బు నీళ్ల పరీక్ష చేయండి. ముందు కిరసనాయిలులో ముంచిన పాత బ్రష్షుతో ఇంజెక్టరు మొదళ్లు తుడిచి ఆరనివ్వండి. గిన్నెలు తోమే సబ్బు రెండు చెంచాలు గ్లాసెడు నీళ్లలో కలిపి, సూది తీసేసిన సిరంజితో ఒక్కో ఇంజెక్టరు మొదట్లో చుట్టూ కొద్దిగా వదలండి. కనెక్టర్ల మీద పడనీయొద్దు. స్టార్టు చేయించి స్లోలో (యాక్సిలరేటరు తొక్కకుండా) ఉంచి చూడండి. వాషరు లీకైతే ఆ ఒక్క ఇంజెక్టరు దగ్గర నురగ టిక్కుతో పాటు తాళం వేసినట్టు ఎగురుతుంది. ఇంజెక్టర్లు వాల్వ్ కవరు లోపల కూర్చునే రకం ఇంజనైతే ఈ పరీక్ష బయటికి కనబడదు. అప్పుడు ఆయిల్ పోసే మూత తీసి చూడండి, పొగ దబ్బుదబ్బుమని తన్నుకొస్తుంటే లోపల లీకని అనుమానించాలి. పిస్టన్ రింగులు అరిగినా పొగ వస్తుంది కాబట్టి దీనొక్కదాన్ని పట్టుకుని నిర్ణయానికి రావద్దు.

చెవికి పనిపెట్టాలంటే రెండు సాధనాలు కావాలి, రెండింటి పని వేరు. మూడడుగుల రబ్బరు పైపు ఒక చివర చెవి దగ్గర పెట్టుకుని రెండో చివర దేనికీ తగలకుండా ఇంజెక్టర్ల మీదుగా, మ్యానిఫోల్డ్ వెంట మెల్లగా జరపండి. గాలిలో వచ్చే లీకు శబ్దం దీనితో దొరుకుతుంది, ఆ చోటికి రాగానే చెవిలో చఫ్‌చఫ్ మంటుంది. పొడుగాటి స్క్రూడ్రైవరు పిడిని చెవి ముందు ఎముకకు ఆనించి మొనను వాల్వ్ కవరు మీద, బ్లాకు మీద, ఆల్టర్నేటర్ మీద పెట్టి వింటే లోహం గుండా పాకే శబ్దాలు, అంటే ట్యాపెట్, బేరింగు లాంటివి దొరుకుతాయి. షెడ్డుల్లో స్క్రూడ్రైవరే ఎక్కువగా వాడతారు. గ్యాసు లీకులు తప్పిపోయేది అందుకే.

ఇంజెక్టరా, మ్యానిఫోల్డా తేలకపోతే ఇంకొకటి ఉంది. సైలెన్సర్ పైపు చివర మడిచిన తడి గోనెపట్టాను, తోలు చేతితొడుగులు వేసుకుని, మూడు నాలుగు సెకన్లు సగం మూసేలా అదమండి. ఇంజను అప్పుడే స్టార్టయి చల్లగా ఉన్నప్పుడే చేయాలి. మ్యానిఫోల్డ్ లీకైతే వెనక ఒత్తిడి పెరిగి టిక్కు గట్టిపడుతుంది. ఇంజెక్టరు వాషరైతే దాదాపు మారదు.

లెక్క కూడా కొంత చెబుతుంది. స్లోలో ఇంజను నిమిషానికి సుమారు 800 చుట్లు తిరుగుతుంది. ఒక్క సిలిండరులో మంట రెండు చుట్లకు ఒకసారి, కాబట్టి నిమిషానికి 400 సార్లు. ఫోన్‌లో పది సెకన్లు రికార్డు చేసి సగం వేగంతో వింటూ లెక్కపెడితే 65, 70 మధ్య వచ్చిందనుకోండి, ఒక సిలిండరుకో, ఒక వాల్వుకో సంబంధించిన శబ్దం. దానికి రెండింతలు వస్తే క్రాంకుతో తిరిగేవి, పుల్లీ లాంటివి చూడాలి. అరిగిన రాడ్ కూడా మంట పడినప్పుడే కొట్టవచ్చు, కాబట్టి లెక్క ఒక్కటే పట్టుకుని ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వకూడదు.

స్కానరు ఉన్న షెడ్డుకు పోగలిగితే ఒక్కో సిలిండరుకు డీజిల్ ఆపి చూపించమని అడగండి. ఒక సిలిండరు ఆపగానే శబ్దం బాగా పోతే రాడ్ బేరింగు, ఇంజెక్టరు కొట్టడం, మ్యానిఫోల్డ్ లీకు వీటిలో ఒకటి. తగ్గి కూడా సన్నగా మిగిలితే వాషరు, ఎందుకంటే మంట లేకపోయినా పిస్టన్ నొక్కిన గాలి అదే సందులోంచి వస్తూనే ఉంటుంది. ఏ సిలిండరు ఆపినా తేడా లేకపోతే ట్యాపెట్, బెల్టు వైపు చూడాలి. ఈ పని కోసం నడుస్తున్న ఇంజను మీద ఇంజెక్టరు కనెక్టర్లు చేత్తో పీకొద్దు. వాటికి వచ్చే వోల్టేజీ బ్యాటరీ 12 వోల్టులకు ఎన్నో రెట్లు ఉంటుంది. పాత పంపు ఇంజన్లలో నాజిల్ పైపు నట్టు వదులు చేసి సిలిండరు పట్టుకునే అలవాటు ఇంకా కొన్నిచోట్ల ఉంది. కామన్ రైల్‌లో అది ప్రాణాంతకం. ఆ కామన్ రైల్ గొట్టంలో డీజిల్ వందల బార్ల ఒత్తిడిలో ఉంటుంది, లోడు మీద వెయ్యి దాటుతుంది. సన్నటి ధార చర్మంలోంచి లోపలికి దూరిపోతుంది. పైకి చీమ కుట్టినంత గాటే కనబడుతుంది గానీ వెంటనే ఆపరేషన్ చేయకపోతే చెయ్యి పోయే గాయమది. ఎవరైనా మీ బండి మీద ఆ పని చేయబోతే ఆపండి.

వాషరే అని తేలితే రిపేరు పెద్దది కాదు, కానీ సగం సగం చేస్తే మళ్లీ నెలకు అదే శబ్దం. మీ పంపు షాపు బిల్లు తీసి చూడండి, నాలుగు రాగి వాషర్ల పద్దు ఉందా? రాగి వాషరు ఒకసారి నలిగి సీటు (అది కూర్చునే చోటు) ఆకారం పట్టాక రెండోసారి పనికిరాదు. పాత వాషరే తిప్పి వేయడం ఒక తప్పు. పాతది అడుగున అతుక్కుపోయి ఉండగా చూడకుండా దాని మీద కొత్తది వేయడం ఇంకో తప్పు. సీటు మీది బొగ్గు గీకకుండా కూర్చోబెట్టడం మూడోది, ఎక్కువగా జరిగేది ఇదే. ఇంజెక్టరు తీసే ముందు రాత్రి తుప్పు వదిలించే ఆయిల్ చల్లి నానబెట్టాలి. బిగుసుకుంటే పుల్లరుతో లాగాలి తప్ప పక్క నుంచి సుత్తితో కొట్టకూడదు. సీటును చేత్తో తిప్పే కట్టరుతో, దాని పళ్లకు గ్రీజు పట్టించి శుభ్రం చేయాలి. రాలిన బొగ్గు గ్రీజుకు అంటుకోవాలి గానీ సిలిండరులో పడకూడదు. కొత్త వాషరు మందం మీ ఇంజనుకు చెప్పినదే ఉండాలి, మందం మారితే నాజిల్ మొన దిగే లోతు మారి మంట తీరు మారుతుంది. ఇంజెక్టరును అదిమి పట్టే క్లాంపు బోల్టు టార్కు రెంచితో, మాన్యువల్ అంకెకే బిగించాలి. కొన్ని ఇంజన్లలో ఆ బోల్టు కూడా ప్రతిసారీ కొత్తది వేయాలి. ఒకటే లీకవుతున్నా నాలుగింటికీ వాషర్లు మార్పించండి, ఒకే చేత్తో ఒకే రోజు వేసినవే కదా అవి. వాషర్ల ఖరీదు టీ ఖర్చు లెక్కలోదే, మీరు కట్టేదంతా మజూరీ.

ఇంకో మాట అడగండి. చాలా కామన్ రైల్ ఇంజన్లలో ఇంజెక్టరు తల మీద ఒక కోడు చెక్కి ఉంటుంది. ఏ సిలిండరులో ఏ కోడు ఉందో ఇంజను కంప్యూటరుకు తెలిసి ఉండాలి. సర్వీసులో ఒకటోది మూడో చోటికి, మూడోది ఒకటో చోటికి మారి కోడ్లు తిరిగి ఎక్కించకపోతే డీజిల్ పాళ్లు తప్పి ఇంజను గరుగ్గా కొట్టుకుంటుంది. స్కానరుతో పది నిమిషాల్లో సరిచూసే పని ఇది.

మ్యానిఫోల్డ్ అయితే ప్యాకింగు మార్చడం తేలిక, విరిగిన స్టడ్డు హెడ్డులోంచి తీయడమే కష్టం. అక్కడ తొందరపెట్టకండి. డ్రిల్లు వంకర పోతే హెడ్డు లేతు షాపు దాకా వెళ్లాల్సి వస్తుంది. మ్యానిఫోల్డ్ ముఖం చదునుగా ఉందో లేదో స్టీలు స్కేలు ఆనించి, కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకు) దూర్చి చూడమనండి. వంగినదాని మీద కొత్త ప్యాకింగు నిలబడదు.

సీజను అయ్యేదాకా తోలొచ్చా అన్నారు. తోలొచ్చు, కానీ దాని బాకీ ఎలా పెరుగుతుందో తెలిసి తోలండి. వాషరు లీకుతో ఒకటి రెండు ట్రిప్పులకు ఇంజను పడిపోదు. వారాలు గడిచేకొద్దీ ఆ బొగ్గు సిమెంటులా పట్టి ఇంజెక్టరును హెడ్డుకు అతికిస్తుంది. ఈరోజు చేత్తో వచ్చేది అప్పుడు హెడ్డు దించితే గానీ రాదు. వేడి గ్యాసు సీటునే కోసుకుంటూ పోతుంది. లీకు వాల్వ్ కవరు లోపలైతే ఇంకా చెడ్డది. మసి ఆయిల్‌లో కలిసి సంపులో (ఇంజను అడుగున ఆయిల్ ఉండే తొట్టిలో) ఆయిల్ పీల్చే జాలీని మూసేస్తుంది, అప్పుడు నిజంగానే బేరింగులు పోతాయి. మొదటి మెకానిక్ చెప్పిన 80,000 జోస్యం ఫలిస్తుంది. ఇక వాసన సంగతి: అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రాత్రి ప్రయాణంలో తలనొప్పి, మత్తు వస్తే నిద్రలేమి అనుకుంటారు. రిపేరు అయ్యేదాకా అద్దాలు దించి తోలండి. బండి ఆగినప్పుడు బయటి గాలి పీల్చే బ్లోయరు వేయొద్దు. లోడు తగ్గించి ఘాటు చిన్న గేరులో, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కకుండా ఎక్కండి. గువ్వలచెరువులో కోవాకు ఆపినప్పుడు బానెట్ ఎత్తి తడి, పొగ, కొత్త నలుపు ఉన్నాయేమో ఒక చూపు చూడండి. నా లెక్కలో ఒక ట్రిప్పు మానుకుని ఈ వారమే చేయించడం చవక. కిస్తీ తేదీ నెత్తిమీదుంటే ఆ ఒక్క ట్రిప్పు అయ్యాక చేయించినా కొంప మునగదు. నెల మాత్రం లాగొద్దు.

ఇంజను దించడానికి ఒప్పుకోవాల్సిన సందర్భాలూ ఉన్నాయి. శబ్దం వేడెక్కేకొద్దీ పెరగడం మొదలైతే, ఆయిల్ లైటు స్లోలో మిణుకుమంటే, బండి ఆపేయాలి, ఒక కిలోమీటరు కూడా తోలొద్దు. అప్పుడు కూడా ముందు ఆయిల్ స్విచ్ చోట గేజి బిగించి వేడి ఇంజను మీద ప్రెషరు కొలిపించండి. పాత ఫిల్టరు కోసి మడతలు విప్పి ఎండలో చూడండి. నల్లటి మసి మామూలే, మెరిసే రజను, రాగి రంగు పొట్టు కనబడితే బేరింగు మాట నిజం. ఈ రెండూ చూపించకుండా హాఫ్ ఇంజను అనే షెడ్డుకు అడ్వాన్సు ఇవ్వకండి.

బావ సంగతి. ఆయన బండి ఇచ్చి రెండేళ్లయింది, మీరు దాని మీద 50,000 కిలోమీటర్లు తిరిగారు. ఇంజెక్టర్లు విప్పింది ఆయన కాదు, విప్పించింది మీరు. నేను చెప్పినట్టు వాషరే అయితే ఈ తగవులో ఆయనకు చోటే లేదు. స్టడ్డు ఎప్పుడో విరిగిందని తేలినా రెండేళ్ల తర్వాత అది ఎవరి హయాంలో విరిగిందో ఎవరూ చెప్పలేరు. ఆయన్ను అడగాల్సింది ఒకటే ఉంది: మీ దగ్గరున్నప్పుడు హెడ్డు గానీ ఇంజెక్టర్లు గానీ ఎప్పుడైనా విప్పించారా అని. నిలదీస్తున్నట్టు కాకుండా బండి చరిత్ర కోసం అడిగితే ఆయన కాదనరు, ఆ మాట మెకానిక్‌కూ పనికొస్తుంది. పంపు షాపు దగ్గర కూడా గొడవతో మొదలుపెట్టకండి. బిల్లు, నురగ ఎగిరే వీడియో, పొద్దుటి శబ్దం రికార్డు పట్టుకుని పోండి. వాళ్ల పనే మళ్లీ చేసి పెట్టమని అడగడానికి నెలన్నర పెద్ద ఆలస్యం కాదు. రాత్రే బండి వాళ్ల షెడ్డులో వదిలిపెట్టి, పొద్దున మొదటి స్టార్టు మీరు వెళ్లాకే చేయమనండి. వేడి బండి తీసుకెళ్తే శబ్దం వినబడదు, "ఏమీ లేదు పో" అంటారు.